అతుకు దగ్గరే అసలు పరీక్ష: ఒక ఇన్‌లెట్ మానిఫోల్డ్‌కు పదార్థం ఎంచుకున్న తీరు

కారు స్నేహితుడిది, ఇంజిన్ ఇంకో కారుది. 1.6 లీటర్ల నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజిన్ అది. సొంత కారులో అడ్డంగా కూర్చునేదాన్ని నిలువుగా తిప్పి, వెనక చక్రాలతో నడిచే పాత కారులో బిగించాం. గేర్‌బాక్స్ కుదిరింది, సైలెన్సర్ గొట్టం కుదిరింది. సిలిండర్లకు గాలిని పంచే ఇన్‌లెట్ మానిఫోల్డ్ మాత్రం కుదరలేదు. ఇంజిన్‌తో వచ్చిన నల్ల ప్లాస్టిక్ మానిఫోల్డ్ సరిగ్గా బ్రేక్ బూస్టర్ ఉన్న చోటికే వెళ్లి ఆనుకుంది. దాన్ని కోయడానికీ వీల్లేదు, వంచడానికీ వీల్లేదు. కొత్తది చేసుకోవాల్సిందే.

ఇలాంటి పనికి దిగేవాళ్లు ముందుగా అడిగేది దేనితో చేయాలనే. అల్యూమినియమా, స్టీలా, కార్బన్ ఫైబరా, ప్రింటర్‌లో తీసిన ప్లాస్టిక్కా? నేనూ అక్కడే మొదలుపెట్టి ఒక మానిఫోల్డ్ పాడుచేసుకున్నాను. ఇప్పుడైతే ముందు రెండు సంగతులు చూస్తాను. ఇది సిలిండర్ హెడ్‌ను ఎలా పట్టుకుంటుంది? ముక్క ముక్కను ఎలా పట్టుకుంటుంది? కాస్త మందం ఉంటే చాలు, గోడగా ఏ పదార్థమైనా నిలుస్తుంది. గాలి పీల్చేదీ, పగిలేదీ, వంకర పోయేదీ అతుకు దగ్గరే.

పెట్టె మీద పడే భారం

మానిఫోల్డ్ అంటే గాలి పోయే ఖాళీ గొట్టాలే కదా, దానికేం బలం కావాలి అనిపిస్తుంది. చిన్న లెక్క వేస్తే ఆ మాట మళ్లీ అనరు. ఇంజిన్ ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ నొక్కకుండా ఊరికే తిరుగుతున్నప్పుడు, మానిఫోల్డ్ లోపలి పీడనం సుమారు 30 నుంచి 40 కిలోపాస్కల్స్. బయట వాతావరణ పీడనం దాదాపు 100. మా ప్లీనం పెట్టెకు, అంటే గాలి ముందుగా చేరే పెట్టెకు, ఒక వైపు చదునైన గోడ 320 మి.మీ. పొడవు, 140 మి.మీ. వెడల్పు. తేడా 65 కిలోపాస్కల్స్ అనుకున్నా ఆ ఒక్క గోడ మీద పడే బలం దాదాపు 300 కిలోల బరువుతో సమానం. వేగంగా వెళ్తూ యాక్సిలరేటర్ వదిలేస్తే అది ఇంకా పెరుగుతుంది. ఆ బలం నిలకడగానూ ఉండదు. పెడల్ నొక్కిన ప్రతిసారీ పోతుంది, వదిలిన ప్రతిసారీ వస్తుంది. చదును గోడ అలా లోపలికీ బయటికీ ఊగుతుంటే ఆ ఊపు వెళ్లి చేరేది అంచు వెల్డింగ్‌లోకే.

వేడి సంగతి వేరు. హెడ్‌కు ఆనుకుని బోల్టులతో బిగిసే పలక, అంటే ఫ్లేంజ్, కూలెంట్ వేడికి దగ్గరగా, అంటే 90 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కల ఉంటుంది. ప్లీనం లోపల గాలి పారుతుంటుంది కాబట్టి అది చల్లగానే ఉంటుంది. ఇంజిన్ ఆపాక మాత్రం లెక్క తారుమారవుతుంది. గాలి ఆగిపోతుంది, ఫ్యాన్ ఆగిపోతుంది, ఇంజిన్‌లో మిగిలిన వేడంతా పైకి పాకుతుంది. మానిఫోల్డ్ ప్రాణానికి గండం కారు పరుగెత్తేటప్పుడు కాదు, నిలిపిన తర్వాత ఇరవై నిమిషాలు.

పైగా పెట్రోలు తడి, క్రాంక్‌కేస్ నుంచి వచ్చే నూనె ఆవిరి, అరుదుగా ఇన్‌లెట్‌లోకి తన్నుకొచ్చే మంట. ఈ చివరిదాన్ని చాలామంది లెక్కలోకే తీసుకోరు. టైమింగ్ తప్పిన రోజున ప్లీనంలో పెట్రోలు ఆవిరి అంటుకుంటే పెట్టె లోపలి నుంచి పేలినట్టు ఉబ్బుతుంది. పెళుసు పదార్థమైతే ముక్కలవుతుంది, ఆ ముక్కలు పోయేది సిలిండర్‌లోకి.

మొదటిది: ప్రింట్ చేసిన నైలాన్

కంపెనీ మానిఫోల్డ్ ప్లాస్టిక్కే కదా, మనమూ ప్లాస్టిక్‌తో చేస్తే తప్పేమిటి అన్నది నా వాదన. ఇంట్లో త్రీడీ ప్రింటర్ ఉంది. పీఎల్‌ఏ ఫిలమెంట్ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుందని, ఏబీఎస్‌కు పెట్రోలు పడదని తెలుసు. అందుకే చిన్న కార్బన్ పోగులు కలిపిన నైలాన్ తీసుకున్నాను. గోడ 5 మి.మీ., ఫ్లేంజ్ 14 మి.మీ. పొరల సందుల్లోంచి గాలి పోకుండా లోపలా బయటా ఎపాక్సీ పూశాను. చూడ్డానికి ముచ్చటగా వచ్చింది. మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు ఇద్దరం చేతులు కలుపుకున్నాం.

నాలుగో రోజు ఐడిల్ వణకడం మొదలైంది. ఈ ఇంజిన్‌కు గాలిని కొలిచే ఎయిర్‌ఫ్లో మీటర్ ఉంది. స్కానర్ పెట్టి చూస్తే ఐడిల్‌లో ఇంధన సవరణ, అంటే ఇంజిన్ కంప్యూటర్ పెట్రోలును సరిచేసుకునే పాళ్లు, 18 శాతం ఎక్కువ చూపిస్తోంది, 2,500 ఆర్‌పీఎం దగ్గర 4 శాతమే. మీటర్ దాటాక ఎక్కడో దొంగగాలి చొరబడుతోందనడానికి ఇంతకంటే గట్టి ఆనవాలు ఉండదు. సందులోంచి వచ్చే గాలి కొద్దిపాటిదే. ఐడిల్‌లో ఇంజిన్ పీల్చేదే తక్కువ కాబట్టి అందులో ఇది పెద్ద వాటా అవుతుంది. ఆర్‌పీఎం పెరిగితే మొత్తంలో కలిసిపోతుంది. (ఎయిర్‌ఫ్లో మీటర్ లేకుండా పీడన సెన్సర్‌తోనే నడిచే ఇంజిన్లలో ఇదే లోపం చాలాసార్లు ఐడిల్ పెరిగిపోవడంగా కనిపిస్తుంది. ఆ తేడా మరిస్తే వెతుకులాట దారి తప్పుతుంది.)

ఫ్లేంజ్ నట్లు పట్టి చూస్తే వేళ్లతోనే తిరిగాయి. బిగించింది టార్క్ రెంచ్‌తో, నా చేత్తోనే. నట్లు వదులు కాలేదు, వాటి కింద ప్లాస్టిక్ అణిగిపోయింది. వాషర్ పడిన చోట అర మిల్లీమీటరు లోతున గుండ్రటి గుంట.

కారణం వెతికితే నా తప్పు నాకే కనిపించింది. నైలాన్ 6 పొడిగా ఉన్నప్పుడే 50, 60 డిగ్రీల మధ్య బిగువు సడలడం మొదలుపెడుతుంది. గాలిలో తేమ పీల్చుకుంటే ఆ హద్దు ఇంకా కిందికి జారుతుంది. కార్బన్ పోగులు ప్రింట్ పొరల వెంట పడుకుని ఉంటాయి కాబట్టి ఆ దిశలో అది గట్టిగానే ఉంటుంది. బోల్టు నొక్కేది మాత్రం పొరలకు అడ్డంగా. ఆ దిశలో అది ఉట్టి నైలాన్‌తో దాదాపు సమానం. 90 డిగ్రీల వేడిలో అంత బిగింపు కింద రోజుల తరబడి ఉంటే మెల్లగా పక్కకు జారుకుంటుంది, మళ్లీ వెనక్కి రాదు.

అప్పుడు కంపెనీ మానిఫోల్డ్‌ను మళ్లీ చేతిలోకి తీసుకుని చూశాను. ప్రతి బోల్టు రంధ్రంలో ఒక లోహపు గొట్టం ముక్క ఉంది. బోల్టు బిగింపునంతా ఆ ముక్క మోస్తుంది, ప్లాస్టిక్ మీద పడనివ్వదు. హెడ్‌కు ఆనే ముఖం మీద చదును గ్యాస్కెట్ లేదు, గాడిలో కూర్చున్న రబ్బరు సీలు ఉంది. దానికి గట్టి బిగింపే అక్కర్లేదు. ఇలాంటివాటికి సాధారణంగా వాడేది నూటికి 30 పాళ్ల గాజు పోగులు కలిపిన నైలాన్. ప్లాస్టిక్కు బిగింపును మోయలేదని తెలిసి, ఆ పని దానికి అప్పగించకుండా గీసిన డిజైన్ అది. నేను పదార్థాన్ని కాపీ కొట్టాను, అతుకును కొట్టలేదు.

లోహపు గొట్టాలు పెట్టి రెండోసారి ప్రింట్ చేయొచ్చు కదా అని స్నేహితుడు అడిగాడు. చేయొచ్చు. కానీ రన్నర్ (ప్లీనం నుంచి ఒక్కో సిలిండర్‌కు వెళ్లే గొట్టం) ఫ్లేంజ్‌లో కలిసే మూలలో ఒక పొర వెంట వెంట్రుకంత గీత అప్పటికే కనబడింది. అది పగులో, ఎపాక్సీ మీది గీతో తేల్చుకునే ఓపిక లేదు. కింద వేడి ఇంజిన్, పక్కన పెట్రోలు గొట్టం ఉన్న చోట అలాంటి అనుమానంతో కారు నడపనివ్వను.

పక్కన పెట్టినవి

కార్బన్ ఫైబర్‌ను త్వరగానే వదిలేశాను. మామూలు గది వేడిలో గట్టిపడే ఎపాక్సీని తర్వాత ఓవెన్‌లో కాల్చకపోతే 60 డిగ్రీల దాపునే మెత్తబడుతుంది. అల్యూమినియం ఫ్లేంజ్‌ను కార్బన్ నేరుగా తాకితే తేమ చేరినప్పుడు అల్యూమినియం తినేసుకుపోతుంది, మధ్యలో గాజు గుడ్డ పొర తప్పనిసరి. వంపులున్న గొట్టం లోపలి అచ్చును బయటికి తీయడం ఇంకో తలనొప్పి. పని బాగా తెలిసినవాళ్లు అద్భుతంగా చేస్తారు, నేను వాళ్లలో లేను.

స్టీలును మాత్రం అంత తేలిగ్గా కొట్టిపారేయను. ఇంట్లో మిగ్ వెల్డింగ్ సెట్టు ఒక్కటే ఉన్నవాడికి అదే సరైన జవాబు కావచ్చు. బరువు గురించి భయపడతారు గానీ లెక్క వేసి చూడండి. మా మానిఫోల్డ్ గోడల మొత్తం వైశాల్యం పావు చదరపు మీటరు. 1.6 మి.మీ. స్టీలు రేకుతో చేస్తే 3.1 కిలోలు, 3 మి.మీ. అల్యూమినియంతో 2 కిలోలు. స్టీలు బరువు అల్యూమినియానికి దాదాపు మూడు రెట్లు అంటారు, చేతికి వచ్చిన తేడా ఒక్క కిలో. అయితే వంగకుండా నిలవడంలో మందం ఘనం (మూడో ఘాతం) లెక్కన పనిచేస్తుంది. 3 మి.మీ. అల్యూమినియం గోడ 1.6 మి.మీ. స్టీలు గోడకంటే రెండింతలు బిర్రుగా ఉంటుంది. మూడు వందల కిలోల ఊపు మోసే చదును గోడకు కావాల్సింది ఆ బిర్రుతనమే.

స్టీలు మీద నా అసలు అభ్యంతరం ఫ్లేంజ్ దగ్గర. హెడ్ అల్యూమినియం. మా ఫ్లేంజ్ పొడవు 380 మి.మీ. చల్లటి 20 డిగ్రీల నుంచి 90కి వేడెక్కితే అల్యూమినియం 0.63 మి.మీ. సాగుతుంది, స్టీలు సగం, అంటే 0.32. స్టార్ట్ చేసిన ప్రతిసారీ, ఆపిన ప్రతిసారీ హెడ్‌కూ ఫ్లేంజ్‌కూ మధ్య గ్యాస్కెట్ ఆ తేడా మేరకు రాపిడి పడుతుంది. మంచి గ్యాస్కెట్ దాన్ని ఓర్చుకుంటుంది, ఎన్నో కార్లు అలా తిరుగుతున్నాయి కూడా. కాకపోతే హెడ్‌తో పాటే పెరిగే ఫ్లేంజ్ దొరుకుతుంటే ఆ రాపిడి ఎందుకు? ఇంకొకటి, మిగ్ వెల్డింగ్ లోపలికి చిమ్మే చిన్న ఉండలు. గొట్టం లోపల అతుక్కున్న ఆ ఉండ ఏదో ఒక రోజు ఊడి వాల్వు కింద పడుతుంది. స్టీలుతో చేసేవాళ్లు లోపలి వైపు వేలితో తడిమి చూడకుండా పెట్టె మూయకూడదు.

అల్యూమినియంలో ఏ అల్యూమినియం

అల్యూమినియం అనుకున్నంత మాత్రాన పని తెమలదు. రన్నర్లకు 40 మి.మీ. లోపలి వ్యాసమున్న 6061 రకం గొట్టాలు తీసుకున్నాం (ఈ అంకెలు అల్యూమినియం మిశ్రమాల పేర్లు). ప్లీనం రేకుకు 5052, ఎందుకంటే అది వంచితే వంగుతుంది. వేడి చికిత్సతో గట్టిపరచిన 6061-టి6 రేకును బిగువుగా మడిస్తే మడత మీద పగుళ్లు వస్తాయి. ఫ్లేంజ్‌కు 12 మి.మీ. 6061 పలక.

ఆ పలక కోసం నేను చేయబోయిన పొదుపు చెప్పాలి. షెడ్డులో ఒక మందపాటి పలక ముక్క ఎప్పటి నుంచో ఉంది. డ్రిల్ పెడితే పొట్టు గాజులా మెరుస్తూ చిన్న చిన్న ముక్కలుగా రాలుతోంది. ఇంత చక్కగా కోతకు లొంగే లోహం మళ్లీ దొరకదనిపించి వెల్డరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన నాకంటే పదిహేనేళ్లు పెద్ద, నా చేత వెల్డింగ్ పట్టించింది కూడా ఆయనే.

"ఏ రకమో తెలుసా?"

"తెలియదన్నా. అల్యూమినియమే."

"అల్యూమినియం అంటే ఊరి పేరు. ఇంటి పేరు చెప్పు."

నా దగ్గర జవాబు లేదు. ఆయన ఒక మూల కోసి, దాని మీద గొట్టం ముక్క నిలబెట్టి చుట్టూ టిగ్ వెల్డింగ్‌తో అతికాడు. అతుకు అందంగానే వచ్చింది, నాణేలు పరిచినట్టు. ముసుగు పైకెత్తి టార్చి పక్కన పెట్టేలోగా "టక్" మని చిన్న చప్పుడు. అతుకు నడుమ తలవెంట్రుకలా నల్లటి గీత సాగుతూ మా కళ్ల ముందే సగం చుట్టు తిరిగింది. అది 2024 రకమో 7075 రకమో అయి ఉండాలని ఆయన అన్నాడు. ఆ రెండూ బలంలో ఘనులు, మిషన్ కోతకు రాజులు. కరిగించి అతికితే చల్లారేటప్పుడు ఇలాగే చీలతాయి. ఆ ముక్క ఇప్పుడు నా వైస్ దవడల మధ్య మెత్తగా ఉపయోగపడుతోంది.

పాత పోత అల్యూమినియం మానిఫోల్డ్ నుంచి, గాలిని అదుపు చేసే థ్రాటిల్ బిగిసే ముఖం కోసి అతికే పద్ధతీ ఉంది. పోత రంధ్రాల్లో ఏళ్ల తరబడి ఇంకిన నూనె టార్చి తగలగానే నల్ల మసిగా పైకి తేలుతుంది. ఎంత కడిగినా పూర్తిగా పోదు. పలకలోంచి కొత్తగా తీసుకోవడమే మేలు.

అతుకులో కరిగించి నింపే ఫిల్లర్ రాడ్ దగ్గర మాకు వాదన జరిగింది. 5356 రాడ్‌తో అతుకు కాస్త బలంగా వస్తుంది, రంగూ బాగుంటుంది. కానీ అందులో మెగ్నీషియం 5 శాతం. 65 డిగ్రీలకు పైబడిన వేడిలో ఎక్కువకాలం ఉండే చోట అలాంటి అతుకులు ఒత్తిడి కింద తుప్పు పట్టి పగిలే ప్రమాదం ఉంది. మన ఫ్లేంజ్ రోజంతా ఉండేది అంతకంటే వేడిలోనే. సిలికాన్ కలిసిన 4043 రాడ్ వాడాం. 6061కి, 5052కి రెండింటికీ అది సరిపోతుంది.

వెల్డింగ్, వంపు

అల్యూమినియం మీది ఆక్సైడ్ పొర 2,000 డిగ్రీలు దాటితే గానీ కరగదు, కింది లోహం 600 చుట్టుపక్కలే కరుగుతుంది. టిగ్‌లో ఏసీ కరెంటు వాడేది ఆ పొరను చెదరగొట్టడానికే. విడిగా పెట్టుకున్న స్టెయిన్‌లెస్ బ్రష్‌తో రుద్ది, అసిటోన్‌తో తుడిచి వెంటనే అతకాలి. ఇది అందరికీ తెలిసిందే.

తక్కువగా చెప్పుకునేది ఫ్లేంజ్ వంపు. నేను సరదాకు ఒక వృథా పలక మీద నాలుగు గొట్టం ముక్కలు ఏ బిగింపూ లేకుండా అతికి చూశాను. చల్లారాక స్ట్రెయిట్ ఎడ్జ్ పెడితే రెండు చివర్లూ పైకి లేచాయి, సందు 1.8 మి.మీ. అలాంటిదాన్ని స్టడ్లతో లాగి బిగిస్తే బిగుస్తుంది, కానీ ఆ లాగుడు అతుకుల్లో నిల్వ ఉండిపోతుంది. అసలు ఫ్లేంజ్‌ను పనికిరాని ఒక పాత హెడ్‌కు అన్ని స్టడ్లతోనూ బిగించాం. 1, 4, 2, 3 వరసలో కొంచెం కొంచెంగా, లోపలి వైపు నుంచి కూడా అతికాం. పూర్తిగా చల్లారేదాకా, అంటే మర్నాటి పొద్దుటిదాకా, నట్లు విప్పలేదు. అప్పటికీ చివర్ల దగ్గర 0.45 మి.మీ. ఫీలర్ గేజ్ దూరింది. మిల్లింగ్‌లో 0.6 తీసేస్తే ముఖం అద్దంలా చదునైంది. 12 మి.మీ. పలక తీసుకుంది ఇందుకే. 10 తీసుకుని ఉంటే మిగిలేది చాలక చెమటలు పట్టేవి.

వెల్డింగ్ వేడికి 6061-టి6 తన బలంలో చాలా భాగం పోగొట్టుకుంటుంది. అతుకు పక్కన లోహం వంగే హద్దు సగానికి లోపే పడిపోతుంది. అంటే పట్టికలో చదివిన 276 మెగాపాస్కల్స్ మన చేతికొచ్చిన వస్తువులో, అతుకు దగ్గర, లేవు. ప్లీనం చదును గోడకు లోపలి వైపు రెండు నిలువు పట్టీలు పెట్టింది ఆ లోటు కోసమే.

చివరి మూత అతికేముందు పెట్టె లోపలంతా వేడి నీళ్లు, సబ్బు, సీసాలు కడిగే బ్రష్‌తో కడిగాం. శాండ్ బ్లాస్టింగ్ జోలికి వెళ్లలేదు. మూల సందుల్లో దాక్కున్న ఇసుక రేణువు బయటికి వచ్చే దారి సిలిండర్ గుండానే. లోపల పెయింటూ వేయలేదు.

గ్యాస్కెట్‌కు నూనె, పెట్రోలు తట్టుకునే ఫైబర్ షీటును కోశాం. సిలికాన్ సీలెంట్ పూయకండి. పెట్రోలు తగిలి మెత్తబడుతుంది, బిగించినప్పుడు లోపలికి పొంగిన అంచు తెగి గాలితో పాటు పోతుంది.

నడిచాక

అల్యూమినియం వేడిని ఇట్టే లాగుతుంది కాబట్టి లోపలి గాలి వేడెక్కి శక్తి తగ్గిపోతుందని ఒక వాదన బలంగా ఉంది. వేడిని నడిపించడంలో 6061 స్టీలుకు మూడు రెట్లు మేటి, ప్లాస్టిక్ అయితే అసలు పోటీయే కాదు. అది నిజమే. కానీ 6,000 ఆర్‌పీఎం దగ్గర ఈ ఇంజిన్ సెకనుకు దాదాపు 80 లీటర్ల గాలి పీలుస్తుంది. 300 మి.మీ. రన్నర్‌లో గాలి ఉండేది సగటున సెకనులో యాభయ్యో వంతు. అంతలో అది పీల్చుకోగల వేడి ఎంత? తేడా తెలిసేది ట్రాఫిక్‌లో నిలిచి కదిలేటప్పుడు. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో కొలిచి చూశాను. మెరిసే అల్యూమినియం మీద అది అబద్ధం చెబుతుంది, నల్ల పెయింటు చుక్క పెట్టి దాని మీద కొలవాలి. నడుస్తున్నప్పుడు ఫ్లేంజ్ 86, ప్లీనం 48 డిగ్రీలు. ఆపిన ఇరవై నిమిషాలకు ప్లీనం 71. హెడ్‌కూ ఫ్లేంజ్‌కూ మధ్య వేడిని ఆపే ఫీనాలిక్ పలకతో స్పేసర్ పెడితే ఇది తగ్గుతుంది, బదులుగా ఇంకో అతుకు, ఇంకో గ్యాస్కెట్ వచ్చి చేరతాయి. పెట్టలేదు.

1,200 కిలోమీటర్ల దగ్గర మళ్లీ ఐడిల్‌లో ఇంధన సవరణ పెరిగింది, ఈసారి 9 శాతం. ఫ్లేంజ్ బాగానే ఉంది. థ్రాటిల్ నోరు మూసి, లోపలికి కొద్దిగా గాలి ఎక్కించి సబ్బు నీళ్లు చల్లితే నాలుగో రన్నర్ ప్లీనంలో కలిసేచోట బుడగలు లేచాయి. అతుకు అంచు వెంట 15 మి.మీ. పగులు. పదార్థం తప్పు కాదు, అతుకు తప్పూ కాదు. థ్రాటిల్ బాడీ, దానికి వేలాడే గొట్టం, కేబుల్ బ్రాకెట్ బరువంతా ఆ మూల మీద ఆధారం లేకుండా ఊగుతోంది. నాలుగు సిలిండర్ల ఇంజిన్ వణుకు సామాన్యమైనది కాదు. పగులు చివర చిన్న రంధ్రం వేసి, గాడి తీసి మళ్లీ అతికాం. ప్లీనం కింద నుంచి ఇంజిన్ బ్లాకుకు ఒక ఆసరా బ్రాకెట్ పెట్టాం. బ్లాకుకే, కారు బాడీకి కాదు. బాడీకి కడితే ఇంజిన్ కదిలిన ప్రతిసారీ మానిఫోల్డ్‌ను పీకుతుంది.

ఆ తర్వాత 9,000 కిలోమీటర్లు తిరిగింది. సవరణ ఐడిల్‌లో 2 శాతం దాటలేదు. మొదటి 500 కిలోమీటర్లకు ఒకసారి నట్ల బిగింపు చూశాం, మళ్లీ ముట్టుకునే అవసరం రాలేదు. ప్రింట్ చేసిన నైలాన్ మానిఫోల్డ్ షెడ్డు గోడకు వేలాడుతోంది. ఇదే ఇంజిన్‌ను ఇంకో కారులో పెడతామని మొన్న ఒకరు వస్తే, బ్రేక్ బూస్టర్ అడ్డొస్తుందో లేదో చూడటానికి దాన్నే తీసి ఇచ్చాను.